ఎనిమిది ఏహెచ్ బ్యాటరీలో నిజంగా ఉన్నదెంత? జెడ్‌బీ2ఎల్3 కెపాసిటీ మీటరు సమీక్ష

పత్తి చేన్లో మందు కొట్టే ఛార్జింగ్ పంపు రెండో వానాకాలానికే రెండు ట్యాంకులు కొట్టి ఆగిపోతోందన్న మాట నర్సంపేట నుంచి పరకాల దాకా ఏ పంపుల రిపేరు దుకాణంలో కూర్చున్నా వినపడుతుంది. మెకానిక్ మల్టీమీటరు పెడతాడు. 12.6 వోల్టులు చూపిస్తుంది. ‘బ్యాటరీ మంచిగనే ఉన్నది, మోటరు చూద్దాం’ అంటాడు. బావిలో నీళ్లు ఎంత పైకి ఉన్నాయో చూసి ఎన్ని మళ్లు పారతాయో చెప్పలేం కదా. బావి వెడల్పు కూడా తెలియాలి. వోల్టు నీటిమట్టం లాంటిది. పంపు ఎంతసేపు నడుస్తుందో తేల్చేది బ్యాటరీలో ఉన్న విద్యుదావేశం, అంటే ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఒక ఆంపియరు ఒక గంట పారితే 1 ఏహెచ్). దాన్ని కొలవాలంటే బ్యాటరీని నిండా ఛార్జి చేసి, తెలిసిన లోడు మీద పూర్తిగా ఖాళీ చేస్తూ, బయటికొచ్చిన ఆంపియర్లను క్షణక్షణం కూడుతూ పోవడం ఒక్కటే నమ్మకమైన దారి.

ఆ పని చేసే చవకైన బోర్డు జెడ్‌బీ2ఎల్3. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద సర్క్యూట్ బోర్డు, నాలుగంకెల ఎర్ర డిస్‌ప్లే, ప్లస్, మైనస్, ఓకే అని మూడు బటన్లు, స్క్రూతో బిగించే టెర్మినళ్లు. దాంతోపాటు సాధారణంగా 7.5 ఓములు, 5 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్లు రెండు వస్తాయి. బోర్డు నడవడానికి వేరే 5 వోల్టుల సరఫరా కావాలి, అది మైక్రో యూఎస్‌బీ ద్వారా ఇవ్వాలి. కొలిచే బ్యాటరీ 15 వోల్టులు దాటకూడదు, లాగే కరెంటు 3 ఆంపియర్లు దాటకూడదు. ఆపే వోల్టేజీని 0.5 నుంచి 11 వోల్టుల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పెట్టె ఉండదు, తెలుగు కాదు గదా సరైన ఇంగ్లీషులో కూడా కాగితం ఉండదు. కొన్నవాళ్లలో చాలామంది తప్పుడు అంకె చదివి బ్యాటరీని తిట్టడానికి అదే కారణం.

ముందు అంకె సంగతి చూద్దాం. తెర మీద చివరికి మిగిలేది ఏహెచ్‌లో ఉంటుంది. 10 లోపు మూడు దశాంశాలు, 10 దాటితే రెండు దశాంశాలు. ఫోను బ్యాటరీల మీద ఎంఏహెచ్, పంపు బ్యాటరీల మీద ఏహెచ్, ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో కూలుమ్, ఇవన్నీ ఒకే సరుకుకు వేర్వేరు కొలపాత్రలు. ఒక ఆంపియరు ఒక సెకను పారితే ఒక కూలుమ్. గంటకు 3600 సెకన్లు కాబట్టి 1 ఏహెచ్ అంటే 3600 కూలుమ్‌లు. అందులో వెయ్యోవంతు 1 ఎంఏహెచ్, అంటే 3.6 కూలుమ్‌లు. తెర మీద 2.480 అని ఆగితే అది 2480 ఎంఏహెచ్, లేదా 8928 కూలుమ్‌లు. వెనక్కి రావాలంటే కూలుమ్‌లను 3.6తో భాగిస్తే ఎంఏహెచ్, 3600తో భాగిస్తే ఏహెచ్. ఎక్కువమంది పొరపడేది 3.6 దగ్గరే. ఎంఏహెచ్‌ను 3600తో గుణించి, చిన్న సెల్లులో తొంభై లక్షల కూలుమ్‌లు ఉన్నాయని తేలుస్తారు. లెక్క సరిచూసుకోవడానికి ఒక గుర్తు చాలు: వెయ్యి ఎంఏహెచ్‌కు మూడువేల ఆరువందల కూలుమ్‌లు. వచ్చిన జవాబు దానికి దగ్గరి నిష్పత్తిలో లేదంటే సున్నాలు తప్పాయి.

ఇక మీటరు ఎంత నమ్మదగినది? దీనికి చెప్పే పొరపాటు హద్దు కరెంటులో 1.5 శాతం, దాని మీద ఇంకో 0.008 ఆంపియరు. వోల్టేజీలో 1 శాతం, దాని మీద 0.02 వోల్టు. ఆ 0.008ని తేలిగ్గా తీసుకోవద్దు. 0.8 ఆంపియరు లాగుతున్నప్పుడు అది ఒక శాతమే. 0.1 ఆంపియరుతో కొలిస్తే ఎనిమిది శాతం అవుతుంది. కాబట్టి తక్కువ కరెంటుతో ‘మెల్లగా, సరిగ్గా’ కొలుద్దామనుకుంటే ఫలితం తలకిందులవుతుంది. మామూలు వాడకంలో రెండున్నర శాతం అటూఇటూ అనుకోవాలి. తెర 6.182 అన్నా సరే, రాసుకోవాల్సింది 6.2 మాత్రమే. మిగతా రెండంకెలు అలంకారం.

అసలు చిక్కంతా లోడు దగ్గరుంది. పంపు బ్యాటరీ విషయంలో తప్పు జరిగేది ఇక్కడే. వచ్చిన 7.5 ఓముల రెసిస్టరు ఒక్కటే 12.7 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే 1.69 ఆంపియర్లు లాగుతుంది, 21 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అది తట్టుకునేది 5 వాట్లు. నిమిషాల్లో పొగ, కింద ప్లాస్టిక్ బల్ల ఉంటే దానికి బొక్క. రెండూ పక్కపక్కన పారలల్‌లో పెడితే 3.75 ఓములు, అంటే 3.4 ఆంపియర్లు. మీటరు హద్దు దాటి ‘ఎర్4’ చూపించి ఆగిపోతుంది. రెండూ ఒకదాని తోక ఇంకొకదానికి కట్టి సిరీస్‌లో పెడితే 15 ఓములు, 0.85 ఆంపియరు, మొత్తం 10.8 వాట్లు, ఒక్కోదానికి 5.4. ఇది కూడా హద్దు మీద ఉన్నట్టే. నడుస్తుంది గానీ, తొమ్మిది గంటలు ఆ వేడిలో రెసిస్టరు కాళ్ల దగ్గర టంకం కరుగుతుంది. వేసవిలో గది వేడే నలభై దాటే ఊళ్లలో ఇది ఇంకా ప్రమాదం.

పరిష్కారం 15 ఓములు, 50 వాట్ల అల్యూమినియం తొడుగున్న రెసిస్టరు. బంగారు రంగులో రెక్కలతో ఉంటుంది. దాన్ని చిన్న అల్యూమినియం పలకకు స్క్రూలతో బిగించాలి, ఎందుకంటే దాని మీద రాసిన 50 వాట్లు పలకకు బిగించినప్పటి మాట, గాలిలో వేలాడదీసినప్పటిది కాదు. ఇక్కడి దుకాణాల్లో లేకపోతే హైదరాబాద్ కోఠి నుంచి తెప్పించుకోవచ్చు. ఒక్కసారి కొంటే మళ్లీ ఆ గోల ఉండదు. కొందరు మెకానిక్‌లు బండి ఇండికేటరు బల్బు వాడతారు. వెలుగుతూ కనపడుతుంది, బాగానే ఉంటుంది. కానీ చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం వేడెక్కాక ఉండేదాంట్లో పదోవంతు ఉంటుంది, అందుకని మొదటి క్షణంలో పెద్ద కరెంటు లాగి మీటరును ‘ఎర్4’లోకి నెట్టొచ్చు. పైగా బల్బు నిరోధం వోల్టేజీతో మారుతూ ఉంటుంది కాబట్టి ఎన్ని గంటలు పడుతుందో ముందే అంచనా వేయడం కష్టం. హెడ్‌లైటు బల్బు జోలికి అసలు పోవద్దు. 55 వాట్లంటే నాలుగున్నర ఆంపియర్లు.

రెసిస్టరు లోడుకు ఒక గుణముంది, తెలుసుకుని ఉంటే మంచిది. బ్యాటరీ వోల్టేజీ దిగుతున్నకొద్దీ కరెంటు కూడా దిగుతుంది. 15 ఓములకు మొదట 0.85, చివరికి 0.70 ఆంపియరు. అందుకే ‘మొదట్లో చూసిన కరెంటు ఇంటూ గంటలు’ అని చేత్తో లెక్కేస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మీటరు చేసే మేలు ఇదే. మారుతున్న కరెంటును మారినట్టే కూడుతుంది. కానీ ఎంత సమయం గడిచిందో చూపించదు, గడియారమే లేదు. వాట్ అవర్ (వోల్టులు ఇంటూ ఏహెచ్, అంటే శక్తి) కూడా చూపించదు. ఈ రెండు లోపాలూ చిన్నవి కావు. కాస్త ఎక్కువ డబ్బు పెట్టగలిగితే సమయం, వాట్ అవర్ రెండూ చూపించే ఎలక్ట్రానిక్ లోడు బోర్డులు ఉన్నాయి, అవి కరెంటును కూడా కదలకుండా పట్టి ఉంచుతాయి. రిపేరు దుకాణం వాళ్లకు అవే మేలు. ఇంట్లో నాలుగు బ్యాటరీలు చూసుకునేవాళ్లకు ఇది చాలు.

పంపు బ్యాటరీ కొలిచే పద్ధతి ఇలా. పంపుతో వచ్చిన ఛార్జరు మీద పచ్చ లైటు వచ్చాక కూడా ఒక గంట ఉంచి తీయాలి. తీయగానే మొదలుపెట్టొద్దు. రెండు మూడు గంటలు ఊరికే వదిలేస్తే పైపై వోల్టేజీ దిగి 12.8 నుంచి 13 మధ్య నిలబడుతుంది. 12.4 కంటే కిందికి పడితే ఛార్జి సరిగ్గా ఎక్కలేదు, లేదా ఒక సెల్లు పోయింది. అలాంటిదాన్ని కొలిచి లాభం లేదు. ముందు లోడును మీటరు అవుట్ వైపు బిగించి, తర్వాత బ్యాటరీని ఇన్ వైపు బిగించాలి. ప్లస్ మైనస్ తారుమారైతే బోర్డు పోతుంది, కాబట్టి ఎర్ర వైరు నల్ల వైరు పాటించాలి. ఆ తర్వాత యూఎస్‌బీ ఇస్తే బ్యాటరీ వోల్టేజీ కనపడుతుంది. ఇక్కడ నేరుగా ఓకే నొక్కితే ఎక్కడ ఆపాలో మీటరే ఊహించుకుంటుంది. ఆ ఊహను నమ్మొద్దు. ప్లస్, మైనస్ బటన్లతో 10.5 దగ్గర పెట్టి అప్పుడు ఓకే నొక్కాలి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి, ఒక్కోటి 1.75 వోల్టులకు దిగితే ఖాళీ అయినట్టు లెక్క, ఆరింటికి 10.5. కంపెనీలు లేబుల్ మీద రాసే ఏహెచ్ సాధారణంగా ఈ గీత దాకా తీసిందే. దీనికంటే పైన ఆపితే బ్యాటరీని తక్కువ చేసినట్టు, కింద ఆపితే బ్యాటరీని చంపినట్టు.

మొదలయ్యాక తెర మీద కరెంటు, ఏహెచ్, వోల్టేజీ ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. గీత చేరగానే లోడు తెగిపోయి ఏహెచ్ అంకె టకటకా మెరుస్తుంది. ఓకే నొక్కితే మెరుపు ఆగుతుంది. అప్పుడు రాసుకోవాలి. మంచి 8 ఏహెచ్ బ్యాటరీకి ఇదంతా తొమ్మిది గంటల పని. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి తేలుతుంది, రాత్రి పెట్టి నిద్రపోకపోవడమే మంచిది.

మధ్యలో కరెంటు పోతే? మీటరుకిచ్చే 5 వోల్టులు ఆగుతాయి, లెక్క అక్కడే తెగుతుంది, మళ్లీ మొదటికి రావాలి. పవర్‌బ్యాంకు పెట్టుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడొక చిక్కు. ఈ బోర్డు తాగేది 70 మిల్లీ ఆంపియర్ల లోపే. చాలా పవర్‌బ్యాంకులు అంత చిన్న లోడు చూసి ‘ఫోను తీసేశారు’ అనుకుని కాసేపటికి తమంతట తామే ఆగిపోతాయి. ఇన్వర్టరు ప్లగ్గులో ఫోను ఛార్జరు పెట్టి దాని నుంచి ఇవ్వడం మేలు. ఇన్వర్టరు లేకపోతే ఇయర్‌బడ్స్ లాంటి వాటికోసం తక్కువ కరెంటు మోడు ఉన్న పవర్‌బ్యాంకు వెతుక్కోవాలి.

వచ్చిన అంకెను లేబుల్‌తో పోల్చేటప్పుడు తొందరపడొద్దు. పంపు బ్యాటరీ మీద 8 ఏహెచ్ అని రాస్తే అది 20 గంటల రేటు, అంటే 0.4 ఆంపియరు చొప్పున 20 గంటలు తీస్తే వచ్చేది. మనం తీస్తున్నది దానికి రెండింతలు, సుమారు 10 గంటల రేటు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. యాసిడ్ ప్లేట్ల లోపలికి చేరే వేగం కరెంటుతో సమానంగా పరిగెత్తలేదు. కాబట్టి 15 ఓముల లోడు మీద కొత్త 8 ఏహెచ్ బ్యాటరీ 7.2, 7.4 ఇస్తే అది నిఖార్సయిన సరుకే. దాన్ని పట్టుకుని దుకాణానికి గొడవకు పోనక్కరలేదు. గంటలో ఖాళీ అయ్యేంత లోడు పెడితే లేబుల్‌లో అరవై శాతం దగ్గర ఆగడం మామూలే. పంపు మోటరు రెండు నుంచి మూడు ఆంపియర్లు లాగుతుంది కనుక చేన్లో దొరికేది మన మీటరు అంకె కంటే ఇంకొంత తక్కువే. సరికొత్త లెడ్ యాసిడ్ బ్యాటరీ మొదటి రెండు మూడు సార్ల ఛార్జింగులో పూర్తి సత్తా చూపించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మన దేశంలో ఇలాంటి రేటింగులు 27 డిగ్రీల దగ్గర చెబుతారు. దాని పైన ప్రతి డిగ్రీకి దాదాపు అర శాతం ఎక్కువ వస్తుంది. మే నెలలో 42 డిగ్రీల గదిలో కొలిచి 7.4 వచ్చిందని మురిసిపోతే, చలికాలంలో అదే బ్యాటరీ 6.9 అంటుంది.

అయితే 5 వస్తే? అప్పుడు మాట్లాడొచ్చు. బ్యాటరీ తన రేటింగులో 80 శాతం కిందికి పడితే మార్చాల్సిన సమయమన్నది పరిశ్రమలో అందరూ వాడే కొలమానం. మన 10 గంటల రేటులో చెప్పాలంటే 6 కిందికి పడిన 8 ఏహెచ్ బ్యాటరీ ముసలిది. కొత్తదే 5 ఇస్తే లేబుల్ అబద్ధం. కొనే ముందే పట్టుకోవాలంటే తూకం వేయండి. 12 వోల్టుల 7 ఏహెచ్ మంచి సీల్డ్ బ్యాటరీయే రెండు కిలోల పైన తూగుతుంది. 8 అని రాసి కిలోన్నర తూగితే లోపల సీసం లేదు. సీసానికీ ఆవేశానికీ ఉన్న లెక్క కచ్చితమైనది: 1 ఏహెచ్ ఇవ్వడానికి ప్రతి సెల్లులోనూ 3.87 గ్రాముల సీసం సల్ఫేటుగా మారాలి. 6.2 ఏహెచ్ ఇచ్చిన బ్యాటరీలో ఒక్కో సెల్లులో 24 గ్రాములు, ఆరు సెల్లుల్లో 144 గ్రాముల సీసం మారిందన్నమాట. అదే ఆవేశం ఆరు సెల్లుల గుండా వరసగా పోతుంది కాబట్టి ఆరింతలు. నెగటివ్ ప్లేట్ల మీద పని చేసే సీసం ఒక్కటే ఇది. పాజిటివ్ ప్లేట్ల సీసం డయాక్సైడు, జాలీలు, యాసిడ్, డబ్బా అన్నీ దీని మీద అదనం.

ఇన్వర్టరు బ్యాటరీకి ఈ మీటరు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వోల్టేజీ హద్దులోనే ఉంటుంది, కానీ 3 ఆంపియర్లతో 150 ఏహెచ్ ఖాళీ చేయాలంటే రెండు పగళ్లు రెండు రాత్రులు దాటుతుంది. పనికిరాదు. అక్కడ చూడాల్సింది లేబుల్ మీద సీ20 అని ఉందా, సీ10 అని ఉందా అన్నది. 150 ఏహెచ్ సీ20 అంటే 7.5 ఆంపియర్లు 20 గంటలు. అదే బ్యాటరీని 15 ఆంపియర్లతో 10 గంటల్లో తీస్తే 150 రాదు. సోలార్ బ్యాటరీల మీద సీ10 ఉంటుంది. రెండూ 150 అనే అంటాయి, ధర తేడా ఎందుకో దుకాణదారు చెప్పడు.

లిథియం సెల్లులతో ఈ మీటరుకు పెళ్లి కుదిరినట్టే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన 18650 సెల్లులకు వచ్చిన 7.5 ఓముల రెసిస్టరు ఒక్కటి చాలు. అర ఆంపియరు, రెండు వాట్లు, రెసిస్టరు హద్దులోనే ఉంటుంది. తొందరైతే రెండూ పారలల్‌లో పెడితే ఒక ఆంపియరు, 2600 ఎంఏహెచ్ సెల్లు రెండున్నర గంటల్లో అయిపోతుంది. 3.0 వోల్టుల దగ్గర ఆపాలి. ఇక్కడ మాత్రం వైర్ల మీద కన్నేయాలి. మీటరు వోల్టేజీ చూసేది తన టెర్మినల్ దగ్గర, సెల్లు దగ్గర కాదు. సన్నని వైర్లు, తుప్పు పట్టిన మొసలి క్లిప్పులు కలిసి 0.3 ఓము ఉంటే ఒక ఆంపియరుకు 0.3 వోల్టు దారిలోనే పోతుంది. మీటరు 3.0 అనుకుని ఆపేటప్పటికి సెల్లు ఇంకా 3.3 దగ్గరే ఉంటుంది. మంచి సెల్లును చెత్త అని పక్కన పడేస్తారు. అరడుగుకు మించని, 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు, స్ప్రింగు గట్టిగా ఉన్న సెల్ హోల్డరు వాడాలి. హోల్డరు లేదని సెల్లుకు నేరుగా టంకం పెట్టేవాళ్లున్నారు. ఆ వేడికి సెల్లు లోపలి సీలు పాడవుతుంది.

ఈ మధ్య పంపులకు లెడ్ బ్యాటరీ తీసి లిథియం ప్యాక్ వేయించడం ఎక్కువైంది. ప్యాక్ అమ్మేవాళ్ల లెక్కలు జాగ్రత్తగా చూడాలి. మూడు 2600 ఎంఏహెచ్ సెల్లులు సిరీస్‌లో కడితే వోల్టులు కూడతాయి గానీ ఏహెచ్ కూడదు. 11.1 వోల్టులు, అదే 2600 ఎంఏహెచ్. దాని మీద 7800 అని స్టిక్కరు వేస్తే మోసమే. అలాంటి నాలుగు వరసలు పారలల్‌లో ఉంటే 10.4 ఏహెచ్. ఈ మీటరుతో ప్యాక్ కొలిచేటప్పుడు మూడు సెల్లుల మామూలు లిథియానికి 9 వోల్టులు, నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు ప్యాక్‌కు 10 వోల్టుల దగ్గర ఆపాలి. ఫాస్ఫేటు ప్యాక్ నిండుగా ఉన్నప్పుడు 14.6 దాకా పోతుంది, మీటరు హద్దు 15 అని మరిచిపోవద్దు. ఛార్జరు తీసి అరగంట ఆగితే అదే దిగుతుంది.

మీటరుకు సంబంధం లేకున్నా జనాన్ని ఎక్కువగా తికమక పెట్టేది ఫోను ఛార్జింగు మీటర్ల అంకె. ఛార్జరుకూ ఫోనుకూ మధ్య పెట్టే ఆ చిన్న యూఎస్‌బీ మీటర్లు కూడా ఎంఏహెచ్ చూపిస్తాయి. 5000 ఎంఏహెచ్ ఫోను 9 వోల్టుల ఫాస్ట్ ఛార్జరుతో నింపితే అందులో 2400 దగ్గర కనపడుతుంది, బ్యాటరీ సగం పోయిందని భయపడతారు. ఫోను బ్యాటరీ 5000 ఎంఏహెచ్ దాని 3.85 వోల్టుల దగ్గర, అంటే 19.25 వాట్ అవర్లు. అంత శక్తి 9 వోల్టుల దారిలో రావడానికి 2140 ఎంఏహెచ్ చాలు, దాని మీద దారిలో వేడిగా పోయేది కొంత కలుస్తుంది. ఆవేశం లెక్క ఒకే వోల్టేజీలో మాత్రమే పోల్చుకోవాలి. వోల్టేజీ మారిందంటే వాట్ అవర్లలోకి మార్చి పోల్చాలి. పవర్‌బ్యాంకుదీ అదే కథ. 20,000 ఎంఏహెచ్ లోపలి సెల్లుల 3.7 వోల్టుల దగ్గర, అంటే 74 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టుల్లో లెక్కిస్తే నష్టమే లేకపోయినా 14,800. నష్టం పోను 12,500 నుంచి 13,300 వస్తే మంచి సరుకు. దాన్ని జెడ్‌బీ2ఎల్3తో కొలవాలంటే రెండు రెసిస్టర్లు పారలల్‌లో పెట్టి 4.5 వోల్టుల దగ్గర ఆపితే చాలు, పది గంటలు పడుతుంది. మీటరుకు మాత్రం వేరే ఛార్జరు నుంచి 5 వోల్టులు ఇవ్వాలి.

మిగతా తప్పు గుర్తులు. ‘ఎర్1’ అంటే బ్యాటరీ 15 వోల్టులు దాటింది. ఛార్జరు తీయకుండా కొలిచేవాళ్లకు, 24 వోల్టుల సైకిల్ ప్యాక్ తగిలించేవాళ్లకు ఇది వస్తుంది. ‘ఎర్2’ అంటే బ్యాటరీ ఇప్పటికే ఆపే గీత కింద ఉంది. ‘ఎర్3’ ఆసక్తికరమైనది: లోడు తగలగానే వోల్టేజీ కుప్పకూలింది. వైర్లు సన్నం కావచ్చు, క్లిప్పు వదులు కావచ్చు. రెండూ సరిచేశాక కూడా వస్తే బ్యాటరీ లోపలి నిరోధం పెరిగిపోయింది, దాన్ని ఇక కొలవనక్కరలేదు. మల్టీమీటరు 12.6 చూపించిన పంపు బ్యాటరీ గుట్టు చాలాసార్లు ఈ మూడక్షరాల్లోనే బయటపడుతుంది.

ఇంటర్, డిప్లొమా పిల్లల ప్రయోగాలకు ఇది పనికొస్తుందా అంటే, సగం. తెర మీద చివరి అంకె ఒక్కటి కదిలితే 3.6 కూలుమ్‌లు పోయినట్టు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రశ్నల్లో కనపడే మైక్రో కూలుమ్‌లను ఇది గుర్తించలేదు కూడా. ఫ్యానుకుండే 2.5 మైక్రో ఫారడ్ కెపాసిటరు 325 వోల్టుల శిఖరం దగ్గర పట్టే ఆవేశం 0.8 మిల్లీ కూలుమ్, మీటరు కనీస అంకెలో నాలుగువేల నాలుగువందల వంతు. అదే కెపాసిటరు చెయ్యి తగిలితే జలదరిస్తుంది, 2.6 ఏహెచ్ సెల్లు పట్టుకుంటే ఏమీ కాదు. పిడుగులో దిగే ఆవేశం కూడా సాధారణంగా ఐదు నుంచి ఇరవై కూలుమ్‌ల మధ్య, అంటే ఒకటిన్నర నుంచి ఐదున్నర ఎంఏహెచ్. చేతి గడియారం సెల్లులో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ప్రాణం తీసేది ఆవేశపు మొత్తం కాదు, దాన్ని తోసే వోల్టేజీ వల్ల ఒంట్లోంచి పారే కరెంటు, అది పారే సమయం.

ఎలక్ట్రాన్ల లెక్క చెప్పడానికి మాత్రం దీన్ని మించిన బోధన సామగ్రి తక్కువ. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాను ఆవేశం కొలిచి చెప్పేది కాదు, సరిగ్గా 1.602176634×10⁻¹⁹ కూలుమ్‌లని నిర్ణయించారు. కూలుమ్‌కు 6.2415×10¹⁸ ఎలక్ట్రాన్లు. పిల్లలు కంఠస్థం చేసే 6.25 ఆవేశాన్ని 1.6కి కుదించడం వల్ల వచ్చింది, పరీక్షకు చాలు. 6.2 ఏహెచ్ ఇచ్చిన బ్యాటరీ నుంచి 22,320 కూలుమ్‌లు, 1.39×10²³ ఎలక్ట్రాన్లు పోయాయి. ఒక మోలు ఎలక్ట్రాన్ల ఆవేశమైన 96,485 కూలుమ్‌లతో భాగిస్తే 0.231 మోలు. సీసం లెక్క వచ్చింది అక్కడినుంచే. రాగి సల్ఫేటులో ఒక ఏహెచ్ పారిస్తే 1.19 గ్రాముల రాగి, వెండి ద్రావణంలో 4.02 గ్రాముల వెండి అంటుకుంటాయి. వెండి పూత వేసేవాళ్లు వాడే ఆంపియర్ నిమిషం 60 కూలుమ్‌లు. పాత పుస్తకాల్లో ఆవేశానికి ఈఎస్‌యూ అనే పాత కొలత కనపడితే కూలుమ్‌కు సుమారు 3×10⁹, ఈఎంయూ అయితే ఒక్కోటి 10 కూలుమ్‌లు. ఈ రెండూ ఇప్పుడు మామూలు వాడకంలో లేవు.

ఇంకొక్క మాట, లెడ్ బ్యాటరీ వాళ్లకు. కొలత అయిపోయి అంకె మెరుస్తోందంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిందని అర్థం. అలాగే మూలన పెట్టి పత్తి పని మీద పోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, వారం తర్వాత ఛార్జి సరిగ్గా ఎక్కకపోవచ్చు. అదే రాత్రి ఛార్జింగు పెట్టాలి. ఇలా పూర్తిగా పిండే పరీక్ష ఏడాదికి రెండుసార్లు చాలు, వానాకాలం పంపు బయటికి తీసేముందు ఒకటి, యాసంగి మిర్చి అయ్యాక ఒకటి. అంకెను, తేదీని స్కెచ్ పెన్నుతో బ్యాటరీ మీదే రాసిపెట్టండి.